కుక్కపిల్లల డీలర్ మీద ఎక్కడ ఫిర్యాదు చేయాలి? 50 రూపాయల జరిమానాకి ఎవడు భయపడతాడు?

మల్కాజిగిరి_మాధవి
మా వెనక వీధిలో ఒకతను ఇల్లు అద్దెకు తీసుకుని కుక్కల వ్యాపారం పెట్టాడు. మేడ మీద రేకుల షెడ్డు, అందులో ఇనుప బోనులు, ఒక్కో బోనులో ఒక్కో ఆడకుక్క. లాబ్రడార్లు, పగ్‌లు, ఒక చలిదేశపు హస్కీ. మా డాబా మీదకి బట్టలు ఆరేయడానికి వెళ్తే అన్నీ కనిపిస్తాయి. ఈ ఎండల్లో రేకుల కింద ఆ హస్కీ నాలుక వేలాడేసి పడుకునే ఉంటుంది, లేచి ఒక చుట్టు తిరగడానికి కూడా చోటు లేదు. పిల్లలు పుట్టిన నెలకే మాయం. పళ్ళ బుట్టల్లో పెట్టి పైన గోనెగుడ్డ కప్పి బైక్ మీద తీసుకెళ్తాడు. ఆ రాత్రంతా తల్లి ఒకటే ఏడుపు. మళ్ళీ కొన్ని నెలలకి అదే కుక్క పొట్టతో ఉంటుంది. బోర్డు లేదు, షాపు లేదు, అమ్మకం అంతా వాట్సాప్‌లోనే.

స్టేషన్‌కి వెళ్తే "ఆ చట్టంలో ఫైనే 50 రూపాయలమ్మా, మేం వచ్చి ఏం చేస్తాం, ఇంటి ఓనర్‌తో మాట్లాడుకోండి" అన్నారు. ఓనర్‌కి నెల తిరిగేసరికి అద్దె వస్తోంది, ఆయనకేం పట్టింది? నిజంగా 50 రూపాయలేనా? ఇంకెక్కడికి వెళ్ళాలి? తెలిసినవాళ్ళు చెప్పండి, నాకు నిద్ర పట్టడం లేదు.

గుంటూరు_గోంగూర
50 రూపాయలా?? మా ఊళ్ళో బండి రాంగ్ సైడ్‌లో పెడితే అంతకంటే ఎక్కువ రాస్తారు.

నల్లకుక్క_నాన్న
నిజమే గుంటూరూ. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం అది, అప్పటి 50 రూపాయలు ఇప్పటికీ 50 రూపాయలే.
మాధవి గారూ, ముందు ఫోటోలు వీడియోలు తీసి పెట్టుకోండి. మీ డాబా మీద నుంచే తీయండి, వాళ్ళ ఇంట్లోకి మాత్రం అడుగుపెట్టకండి. రేపు మీ మీదే కేసు పెడతాడు.

వెట్_సూరి
నేను పశువైద్యుణ్ణి, ప్రైవేట్ క్లినిక్. మాధవి గారు చెప్పిన "నెలకే మాయం" అనేదాని వెనక ఏముందో కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కొనేవాళ్ళకి ఇది తెలియదు.

నెల పిల్ల బొమ్మలా ముద్దుగా ఉంటుంది, చూడగానే కొనేస్తారు. రెండు నెలలు దాటితే కాళ్ళు పొడుగై, ముఖం మారి, రేటు పడిపోతుంది. పైగా ఆ రెండో నెలంతా తిండి పెట్టాలి, నట్టల మందు పోయాలి, టీకా వేయించాలి. డీలర్‌కి అది దండగ. అందుకే తల్లి పాలు మాన్పించకుండానే అమ్మేస్తారు. అలాంటి పిల్లని నాలుగైదు ఇళ్ళ నుంచి వచ్చిన వేరే పిల్లలతో కలిపి ఒకే బుట్టలో తిప్పుతారు. ఒకదానికి పార్వో వైరస్ ఉంటే చాలు, అన్నిటికీ అంటుకుంటుంది. కొన్నవాళ్ళ ఇంటికి వెళ్ళేదాకా బాగానే ఉంటుంది. వైరస్ ఒంట్లోకి వెళ్ళాక కొన్ని రోజులకి గానీ బయటపడదు కదా. వారం తిరగకుండా వాంతులు, రక్త విరేచనాలు. నా దగ్గరకి పిల్లని టవల్లో చుట్టుకుని ఏడుస్తూ వస్తారు, చేతిలో "టీకా కార్డు" ఉంటుంది. కార్డు మీద సీసా స్టిక్కర్ ఉండదు, బ్యాచ్ నంబర్ ఉండదు, డాక్టర్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉండదు, ఒక గీత సంతకం మాత్రం ఉంటుంది. సెలైన్ పెట్టి, మందులు వేసి, రాత్రింబవళ్ళు కాపలా కాసినా కొన్ని దక్కవు.

తల్లి సంగతి ఇంకా ఘోరం. ఎదకి వచ్చిన ప్రతిసారీ కట్టిస్తారు. వాడిపోయి, పాలగడ్డలు వచ్చి, గర్భసంచి చీము పట్టి పనికిరాదు అనుకున్నాక ఊరి బయట వదిలేస్తారు. రింగ్ రోడ్డు పక్కన ఎముకల గూడులా తిరిగే లాబ్రడార్లని మీరూ చూసే ఉంటారు.

సైలెంట్_రీడర్
చూశాను సార్. పొట్ట కింద చర్మం వేలాడుతూ ఉంటుంది. ఎవరో తప్పిపోయిన కుక్క అనుకునేదాన్ని.

కెన్నెల్_కిరణ్
అందర్నీ ఒకే గాటన కట్టకండి దయచేసి. నేను జర్మన్ షెపర్డ్‌లు పెంచుతాను. ఆడకుక్కని ఏడాదికి ఒకసారికి మించి ఎప్పుడూ కట్టించలేదు, పిల్లల్ని రెండు నెలలు నిండాకే ఇస్తాను, కొనేవాళ్ళు ఇంటికి వచ్చి తల్లిని చూసి తీసుకెళ్తారు. మొదటి పార్వో టీకా, ఒంట్లో పెట్టే గుర్తింపు చిప్, డాక్టర్ ఖర్చు, తిండి అన్నీ లెక్కేస్తే ఒక పిల్లని 25 వేలకి ఇచ్చినా పెద్దగా మిగలదు. డీలర్ అదే జాతి అని చెప్పి 8 వేలకి ఇస్తాడు. జనం ఎక్కడికి వెళ్తారు? 8 వేల దగ్గరకే. తర్వాత పిల్ల చస్తే "బ్రీడర్లంతా దొంగలు" అంటారు. డీలర్ వేరు, బ్రీడర్ వేరు. డీలర్ అసలు పెంచడు, పదిచోట్ల తక్కువ ధరకి ఎత్తుకొచ్చి అమ్ముతాడంతే.

నల్లకుక్క_నాన్న
కిరణ్ బ్రో, మీరు మంచిగా చేస్తుంటే సంతోషం. ఒకటే అడుగుతా, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో మీకు రిజిస్ట్రేషన్ ఉందా?

కెన్నెల్_కిరణ్
అప్లై చేశాను అన్నా. ఆ ఆఫీసు నుంచి ఈ ఆఫీసుకి తిప్పుతున్నారు. చూడ్డానికి ఇప్పటిదాకా ఎవరూ రాలేదు. రూల్ పాటిద్దామనుకున్నవాడికి తిప్పలు, పట్టించుకోనివాడికి ఏ ఇబ్బందీ లేదు. నా కోపం అదే.

లాయరమ్మ_విజయవాడ
మాధవి గారి అసలు ప్రశ్నకి వస్తాను.

స్టేషన్‌లో చెప్పింది సగం నిజం. జంతు హింస నివారణ చట్టం 1960, సెక్షన్ 11 కింద మొదటి నేరానికి జరిమానా 10 నుంచి 50 రూపాయలే. మూడేళ్ళ లోపు మళ్ళీ చేస్తే 25 నుంచి 100 రూపాయలు, లేదా మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానీ అది ఒక్కటే కాదు. అదే చట్టం కింద 2017 మే 23న కుక్కల పెంపకం, అమ్మకం మీద ప్రత్యేక నియమాలు వచ్చాయి. వాటి ప్రకారం రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్ట్రేషన్ లేకుండా ఎవరూ కుక్కల్ని పెంచి అమ్మకూడదు. 8 వారాలు నిండని పిల్లని అమ్మకూడదు. అమ్మేముందు టీకా, మైక్రోచిప్ ఉండాలి. ఆడకుక్కకి 18 నెలలు నిండాలి, 8 ఏళ్ళు దాటకూడదు, 12 నెలల్లో ఒక్క కాన్పే, జీవితం మొత్తం మీద ఐదుకి మించకూడదు. తోక, చెవులు కత్తిరించకూడదు. 2018లో పెట్ షాపులకి విడిగా నియమాలు వచ్చాయి, వాటికీ బోర్డు రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అంటే మీరు ఫిర్యాదులో "హింస" అని ఒక్క మాట రాసి వదిలేయకండి. "రిజిస్ట్రేషన్ లేని బ్రీడింగ్, 8 వారాల లోపు పిల్లల అమ్మకం" అని రాయండి. దెబ్బలు కొట్టి, నిర్లక్ష్యం చేసి జంతువు చచ్చినా, అవిటిదైనా అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కిందకి రావచ్చు, దానికి ఐదేళ్ళ దాకా శిక్ష, పోలీసులు నేరుగా కేసు కట్టొచ్చు. కాకపోతే కావాలని చేశాడని, లేదా అలా జరుగుతుందని తెలిసే చేశాడని చూపించాలి.

రైతుబిడ్డ_ఆదోని
నాకు కుక్కల మీద కోపం లేదు కానీ ఒక మాట చెప్పాలి. లాయరమ్మ చెప్పిన 2017 మే 23 నాకు బాగా గుర్తు. అదే రోజు పశువుల సంతల మీద కూడా నియమాలు తెచ్చారు, కబేళాకి అమ్మకూడదని రాతపూర్వకంగా ఇస్తేనే సంతలో అమ్మకం అన్నారు. ముసలి ఎద్దుని ఎవరు కొంటారు, రైతు దాన్ని ఎన్నాళ్ళు మేపాలి? కరువు ఏడాది గడ్డి మాకే దొరకదు. వారానికే మద్రాస్ హైకోర్టు మదురై బెంచ్ స్టే ఇచ్చింది, జూలైలో సుప్రీంకోర్టు దాన్ని దేశమంతా వర్తింపజేసింది కాబట్టి సరిపోయింది. ఢిల్లీలో కూర్చుని రాసే చట్టాలు పేదోడి మెడకే చుట్టుకుంటాయి. కుక్కల డీలర్‌ని పట్టుకునే పేరుతో రేపు గొర్రెలు అమ్ముకునేవాణ్ణి ఆపితే?

సైలెంట్_రీడర్
సంతలో ఎద్దు అమ్మడం, బోనులో కుక్కని పిల్లల మెషిన్ చేయడం ఒకటేనా అన్నా?

రైతుబిడ్డ_ఆదోని
ఒకటని నేనలేదమ్మా. చట్టం రాసేటప్పుడు ఎవరి మీద పడుతుందో చూసి రాయాలి అంటున్నా. సంతలో నిజంగా హింస చేసేది రైతు కాదు, లారీలు కట్టే దళారులు. నిబంధన ప్రకారం లారీకి ఆరు పశువులు దాటకూడదు. వీళ్ళు ఇరవై పైన కుక్కుతారు, పడిపోయినవాటిని లేపడానికి తోక మెలిపెడతారు, కళ్ళల్లో మిరప్పొడి కొడతారు. నా కళ్ళతో చూశా. వాళ్ళ మీద పెట్టండి కేసులు, నేనే సాక్షి చెప్తా.

లాయరమ్మ_విజయవాడ
ఆదోని తమ్ముడి మాటలో న్యాయం ఉంది. సంతల నియమాల్లో వచ్చిన గొడవ వల్ల కుక్కల నియమాలకీ చెడ్డపేరు అంటింది. కానీ కుక్కల నియమాలకి కోర్టు స్టే లేదు, అవి అమల్లోనే ఉన్నాయి. ఆ తేడా అధికారులకే తెలియదు.

లండన్_లత
ఇంగ్లండ్‌లో ఉంటాను, ఇక్కడి సంగతి పనికొస్తుందేమో చెప్తా. ఇక్కడ పప్పీ ఫామ్‌లు మన మాధవి గారి వెనక ఇంటికి ఏమాత్రం తక్కువ కాదు. లూసీ అనే కావలియర్ కింగ్ చార్లెస్ జాతి కుక్కని 2013లో వేల్స్‌లోని ఒక ఫామ్ నుంచి కాపాడారు. ఏళ్ళ తరబడి బోనులో పిల్లల్ని కనీ కనీ నడుము వంగిపోయింది, తుంటి కీళ్ళు పాడైపోయాయి. 2016లో చనిపోయింది. దాని పేరు మీద ఉద్యమం నడిచి 2020 ఏప్రిల్ 6న ఇంగ్లండ్‌లో లూసీ చట్టం వచ్చింది. ఆరు నెలల లోపు కుక్కపిల్లనైనా పిల్లిపిల్లనైనా మూడో మనిషి వ్యాపారానికి అమ్మకూడదు. బ్రీడర్ దగ్గరే కొనాలి, లేదా షెల్టర్ నుంచి తెచ్చుకోవాలి. మధ్యలో డీలర్ లేడు. బ్రీడర్ పిల్లని తల్లితో పాటు, పుట్టిన చోటే చూపించాలి.

నాకు ఇందులో నచ్చింది ఇదే. కొనేవాడు మంచివాడా, అమ్మేవాడు మంచివాడా అని ఎవరూ తేల్చక్కర్లేదు, తల్లిని చూపించమంటే చాలు. దాచిపెట్టిన తల్లిని చూపించలేడు కదా. జంతు హింసకి గరిష్ఠ జైలు శిక్ష కూడా 2021లో ఆరు నెలల నుంచి ఐదేళ్ళకి పెంచారు.

కెన్నెల్_కిరణ్
ఈ చట్టం మన దగ్గర వస్తే నేను ముందు చెయ్యెత్తుతా లత గారూ. నాలాంటివాళ్ళకి నష్టమేం లేదు.

గుంటూరు_గోంగూర
అక్కడ మొత్తం ఆగిపోయిందా మరి?

లండన్_లత
లేదు. లాక్‌డౌన్‌లో అందరూ కుక్కలు కొనేసరికి రేట్లు ఆకాశానికి వెళ్ళాయి, పక్క దేశాల నుంచి దొంగతనంగా తెచ్చారు. అద్దె ఇంట్లో ఏదో ఒక ఆడకుక్కని పక్కన పడుకోబెట్టి "ఇదే తల్లి" అని చూపించినవాళ్ళూ ఉన్నారు. కానీ ఇప్పుడు అది నేరం, పట్టుబడితే కేసు నిలుస్తుంది. ముందు అదీ లేదు.

వెట్_సూరి
దొంగ తల్లిని గుర్తుపట్టడం కష్టం కాదు. పొదుగు చూడండి, పాలిచ్చే కుక్కకి చన్నులు సాగి ఉంటాయి. పిల్లలు దాని దగ్గరకి ఎగబడి వెళ్తాయి, అది వాటిని నాకుతుంది. పట్టించుకోకుండా పక్కకి తిరిగితే అనుమానించాల్సిందే.

పాతబస్తీ_పావురం
కుక్కల గురించే మాట్లాడుతున్నరు, మా చార్మినార్ దిక్కు ముర్గీ చౌక్ పోయి పక్షుల సంగతి కూడా చూడుండ్రి. లవ్‌బర్డ్స్, బడ్జీలు బయటి దేశం పక్షులు, అవి అమ్మొచ్చు. కానీ రామచిలుక, మునియాలు మన అడవి పక్షులు, 1972 వన్యప్రాణి చట్టం కింద పట్టుడు, అమ్ముడు, ఇంట్ల పెంచుడు అన్నీ నేరమే. అయినా ఎవ్వరైనా గట్టిగ అడిగితే గుడ్డ కప్పిన పంజరం లోపలికెంచి బయటికొస్తది. మునియాలకు రంగులు పూస్తరు, చిలుక పిల్లల రెక్కలు కోస్తరు. చెట్టు తొర్రలకెంచి తీసిన పిల్లల్ల చానా తొవ్వలనే సస్తయి.

మల్కాజిగిరి_మాధవి
చిలకని పెంచడం కూడా నేరమని మా అత్తగారికి చెప్తే నమ్మలేదు. వాళ్ళ ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఒక చిలక పంజరం ఉండేదట.

బాపట్ల_బుల్లోడు
జాతరల్లో అమ్మే రంగు కోడిపిల్లలు కూడా రాయండి. గులాబీ, ఆకుపచ్చ, నీలం. గుడ్ల కోళ్ళ హేచరీల్లో పుట్టిన పుంజు పిల్లలు అవి. గుడ్లు పెట్టవు, మాంసానికి త్వరగా పెరగవు, అందుకని హేచరీకి బరువు. రంగులో ముంచి అట్టపెట్టెల్లో జాతరకి పంపుతారు. చిన్నపిల్లలు పది రూపాయలకి కొని చేత్తో నలిపేస్తారు, తెల్లారేసరికి పోతాయి. మా అన్న కూతురు ఆ రోజంతా అన్నం తినలేదు.

గాడిదల సంగతి ఇంకో దారుణం. మా బాపట్ల, ఒంగోలు వైపు గాడిద మాంసం తింటే బలం, ఆయాసం రాదు అని నమ్మకం. గాడిద ఆహార జంతువుల జాబితాలో లేదు, కోయడమే చట్టవిరుద్ధం. ఇక్కడ గాడిదలు అయిపోయేసరికి దళారులు రాజస్థాన్ దాకా వెళ్ళి తెస్తున్నారు. పశుగణన చూడండి, దేశంలో 2012లో 3.2 లక్షలుంటే 2019లో 1.2 లక్షలు. అన్నీ కోతకే పోయాయని అనను, చాకిరేవులు పోయాయి, ఇటుక బట్టీల్లో ట్రాక్టర్లు వచ్చాయి. కానీ మిగిలినవాటిని ఈ డీలర్లు ఉండనివ్వరు.

నల్లకుక్క_నాన్న
బుల్లోడా, గాడిదల మీద ఒక పోస్టు విడిగా పెట్టు, నేను వచ్చి రాస్తా. ఇక్కడ మాధవి గారి ఫిర్యాదు తేలనివ్వు.

డల్లాస్_బాబాయ్
ఫోటోలు తీయమని పైన ఎవరో అన్నారు. ఫోటో ఎంత పని చేస్తుందో చెప్తా వినండి.

అమెరికాలో 1965లో పెన్సిల్వేనియాలో పెప్పర్ అనే డాల్మేషియన్ కుక్క కనబడకుండా పోయింది. అప్పట్లో ప్రయోగశాలలకి కుక్కలు సప్లై చేసే డీలర్లు ఉండేవాళ్ళు, ఇళ్ళ ముందు తిరిగే పెంపుడు కుక్కల్ని ఎత్తుకెళ్ళి అమ్మేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. పెప్పర్ చేతులు మారి న్యూయార్క్ రాష్ట్రంలో ఒక డీలర్ దగ్గరకి చేరిందని ఇంటివాళ్ళకి తెలిసింది. వెళ్తే లోపలికి రానివ్వలేదు. అక్కడి కాంగ్రెస్ (అంటే అమెరికా పార్లమెంటు) సభ్యుడు జోసెఫ్ రెస్నిక్ అడిగినా డీలర్ ఒప్పుకోలేదు. చివరికి తేలిందేమంటే పెప్పర్ అప్పటికే న్యూయార్క్‌లో ఒక ఆసుపత్రి ప్రయోగంలో చనిపోయింది. రెస్నిక్ బిల్లు పెట్టాడు. అయినా అది వెంటనే కదల్లేదు. 1966 ఫిబ్రవరిలో లైఫ్ పత్రిక మేరీలాండ్‌లో ఒక డీలర్ దొడ్లో ఎముకల గూళ్ళలా ఉన్న కుక్కల ఫోటోలు వేసింది. అవి చూసి జనం ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆగస్టు 24న అధ్యక్షుడు జాన్సన్ చట్టం మీద సంతకం పెట్టాడు. అదే ఇప్పటి యానిమల్ వెల్ఫేర్ యాక్ట్.

సమస్య మొత్తం తీరిందని కాదు, ఇక్కడ పప్పీ మిల్లులు ఇంకా ఉన్నాయి. కాలిఫోర్నియా 2019లో, న్యూయార్క్ 2024 డిసెంబర్‌లో షాపుల్లో కుక్కల అమ్మకం ఆపాయి. అంటే మొదటి చట్టం తర్వాత కూడా ఇన్నేళ్ళు పోరాడుతూనే ఉన్నారు.

గుంటూరు_గోంగూర
మన దగ్గర ఆ పాత చట్టాన్ని మార్చడానికి ఎవరూ ట్రై చేయలేదా బాబాయ్?

లాయరమ్మ_విజయవాడ
చేశారు. అసలు ఆ చట్టానికి మూలమే రాజ్యసభలో రుక్మిణీదేవి అరుండేల్ 1950ల్లో పెట్టిన ప్రైవేట్ బిల్లు. ప్రభుత్వమే తెస్తానని మాటిచ్చి 1960లో తెచ్చింది, ఆమే భారత జంతు సంక్షేమ బోర్డుకి మొదటి అధ్యక్షురాలు. 2014లో జల్లికట్టు కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ శిక్షలు సరిపోవు, పార్లమెంటు మార్చాలి అని చెప్పింది. 2015లో లా కమిషన్ 261వ నివేదిక పెట్ షాపుల మీదే ఇచ్చింది, దాని తర్వాతే 2017, 2018 నియమాలు కదిలాయి. 2022 నవంబర్‌లో సవరణ బిల్లు ముసాయిదా ప్రజల ముందు పెట్టారు, ఘోరమైన హింసకి 50 వేల నుంచి 75 వేల జరిమానా, ఏడాది నుంచి మూడేళ్ళ జైలు అని అందులో ఉంది. అది చట్టం కాలేదు. మీ ఎంపీకి ఉత్తరం రాయాలంటే ఈ ముసాయిదా పేరు రాసే అడగండి, "జంతువుల్ని కాపాడండి" అని గాలిలో రాస్తే చదివి పక్కన పెడతారు.

రైతుబిడ్డ_ఆదోని
ఆ బిల్లులో సంతలు, రైతుల జోలికి రాకుండా డీలర్లు, బ్రీడర్ల మీద గట్టిగా పెడతామంటే మా మండలం నుంచి సంతకాలు నేను చేయిస్తా.

సైలెంట్_రీడర్
అసలు కొనడం ఎందుకు? వీధిలో బోలెడు పిల్లలు. మా నాటు కుక్క ఎండకీ వానకీ తట్టుకుంటుంది. హస్కీని హైదరాబాద్ మేలో పెంచడం ఏం సరదా?

కెన్నెల్_కిరణ్
దత్తత మంచిదే, నేనూ చెప్తా. కానీ పోలీస్ పనికి, కాపలాకి జాతి కుక్కలు కావాలి. "ఎవరూ కొనొద్దు" అంటే జనం వినరు, దొంగచాటు వ్యాపారం పెరుగుతుంది.

వెట్_సూరి
డిమాండ్ ఎలా పుడుతుందో చూడండి. 2003లో ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చాక పగ్‌ని అందరూ "హచ్ కుక్క" అని అడిగి కొన్నారు. ఆ చప్పిడి ముక్కుతో మన వేడిలో అది ఊపిరి ఆడక గురగురలాడుతుంటే "గురక ముద్దుగా ఉంది డాక్టర్" అనేవాళ్ళు నా దగ్గరకి ఇప్పటికీ వస్తారు. విదేశాల నుంచి పెంపకం వ్యాపారానికి కుక్కలు తేవడం 2016లో ఆపేశారు. అప్పటికే ఉన్నవాటినే, తోబుట్టువుల్నే కలిపి ఇంకా పిల్లలు తీస్తున్నారు. పుట్టుకతోనే గుండె జబ్బులు, తుంటి జబ్బులు.

మల్కాజిగిరి_మాధవి
అప్‌డేట్. లాయరమ్మ గారు చెప్పినట్టు రాసి మూడు చోట్ల ఇచ్చాను: జిల్లా పశుసంవర్ధక శాఖ, రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు, పోలీస్ స్టేషన్. స్టేషన్‌లో ఈసారి వేరే ఎస్సై, 2017 నియమాల కాపీ చేతికిస్తే కూర్చోబెట్టి చదివారు. శాఖ నుంచి డాక్టర్ వచ్చి చూశారు. రిజిస్ట్రేషన్ లేదని తేలింది. ఒక లాబ్రడార్‌కి గర్భసంచి ఇన్ఫెక్షన్ ఉందట, దాన్ని వెంటనే ఆసుపత్రికి పంపమని రాసిచ్చారు. మిగతావాటికి నోటీసు ఇచ్చి గడువు పెట్టారు. అదే నా టెన్షన్, ఈ గడువులో అతను రాత్రికి రాత్రి అన్నిటినీ వేరే ఊరికి మార్చేస్తే?

లాయరమ్మ_విజయవాడ
మార్చేస్తాడు, అది జరుగుతూనే ఉంటుంది. ఈ రోజే మళ్ళీ ఒక కాగితం పెట్టండి: కుక్కల సంఖ్య, జాతి, గుర్తులు, ఫోటోలతో. కేసు తేలేదాకా వాటిని షెల్టర్‌కి అప్పగించమని, ఖర్చు యజమాని భరించాలని 2017లోనే వచ్చిన కేసు జంతువుల సంరక్షణ నియమాల కింద అడగండి. రసీదు మీద సీలు వేయించుకోండి. జిల్లా ఎస్పీసీఏకి (జంతు హింస నివారణ సంఘం) కలెక్టర్ ఆఫీసు ద్వారా ఒక కాపీ. అతని దగ్గర కొని పిల్ల చనిపోయినవాళ్ళు దొరికితే వినియోగదారుల కమిషన్‌కి వెళ్ళమనండి, 5 లక్షల లోపు కేసుకి ఫీజు లేదు, యూపీఐ చెల్లింపు, వాట్సాప్ చాట్ సాక్ష్యంగా పెట్టొచ్చు. అలాంటివాళ్ళు ఇద్దరు ముగ్గురు కలిసి వస్తే అతనికి 50 రూపాయల కంటే చాలా ఎక్కువే తగులుతుంది.

నల్లకుక్క_నాన్న
షెల్టర్లు నిండిపోయాయి, అదొక సమస్య. ఆ హస్కీని నేను ఫోస్టర్ చేస్తా, మా ఇంట్లో ఏసీ గది ఉంది, కోర్టు ఎన్నాళ్ళు తిప్పినా పర్లేదు. పగ్‌లకి ఎవరైనా?

వెట్_సూరి
లాబ్రడార్ ఆపరేషన్ నేను ఫీజు లేకుండా చేస్తాను, మందుల ఖర్చు మాత్రం చూసుకోండి. మాధవి గారూ, శాఖ డాక్టర్ రాసిన కాగితం ఫోటో నాకు మెసేజ్ పెట్టండి. చీము పట్టిందంటే ఆలస్యం చేయకూడదు, రేపు ఉదయమే తీసుకురమ్మనండి.

కెన్నెల్_కిరణ్
రెండు పగ్‌లకి నా దగ్గర చోటుంది. బోనులు కాదు, వరండా. బండి కూడా నేనే తెస్తా, టైమ్ చెప్పండి.